కింది కొస పట్టే మనిషి

తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీల ముందు నిలబడి ఎవరిది ఏ పనో అడగక్కర్లేదు. మనిషిని చూస్తే తెలిసిపోతుంది. కటింగ్ మిషను దగ్గర పనిచేసేవాడు పక్కన కూర్చున్నవాడితో కూడా అరిచి మాట్లాడతాడు. పాలిష్ మిషను పట్టేవాడు మాటిమాటికీ చేతులు దులుపుకుంటాడు, తడి అంటినట్టు. బండలు మోసేవాడికి ఒక భుజం దిగిపోయి ఉంటుంది. కుళ్ళాయప్ప చేతులూ దులుపుకునేవాడు, భుజమూ దిగిపోయి ఉండేది. వయసులో ఉన్నప్పుడంతా పాలిష్ మిషను పట్టి, ఆ తర్వాత మోతకు వచ్చిన మనిషి.

నేను ఐచర్ లారీ తోలతాను. డిగ్రీ మధ్యలో మానేసి నాలుగైదు పనులు మారి ఇక్కడ తేలాను. బండికి లోడు ఎత్తుతున్నంతసేపు డ్రైవరుకు పని ఉండదు. నీడ ఎక్కడుంటే అక్కడ కూర్చుని మోసేవాళ్ళను చూస్తుంటాడు. కుళ్ళాయప్పను నేను అట్లా చూస్తూ చూస్తూ దగ్గరయ్యాను.

ఆయనది వజ్రకరూరు పక్కన పల్లె. తొలకరి వాన పడితే అక్కడి జనం పనులు మానుకుని చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. వాళ్ళ నాయన కూడా ఏటా వెతికాడట. "మా నాయన ఒక్క రాయి దొరకల్లని నడుం ఇరగ్గొట్టుకున్యాడప్పా. దొరకలే. నాకు సూడు, యాడ సూసినా రాళ్ళే" అని నవ్వేవాడు. బోరు ఎండిపోయాక, శెనక్కాయ విత్తనం కూడా తిరిగిరాని ఏడు, పెళ్ళాం ఓబమ్మను తీసుకుని తాడిపత్రికి వచ్చాడు. వచ్చిన వారంలోనే పాలిష్ మిషను ఇచ్చారు.

ఆ పాత మిషనుకు ఒక పొడుగాటి ఇనుప చెయ్యి ఉంటుంది. దాని చివర రాయి గిర్రున తిరుగుతుంది. పనివాడు తడి నేల మీద నిలబడి, పిడిని రెండు చేతులతో నొక్కిపట్టి, దాన్ని బండ మీద అటూ ఇటూ నడపాలి. దాని అదురు మోచేతుల దాకా వస్తుంది. సాయంత్రం మిషను ఆపేసినా చేతుల్లో అది తిరుగుతూనే ఉంటుంది. ఇంటికి పోయి సంగటి ముద్ద చేత్తో పట్టుకుంటే ముద్ద కూడా అదురుతున్నట్టు ఉండేదని కుళ్ళాయప్ప చెప్పాడు. పెద్ద విషయంగా చెప్పలేదు. అందరికీ అంతే కదా అన్నట్టు చెప్పాడు. మా దగ్గర నొప్పికి పేరు ఉండదు. నొప్పి అంటే ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూది, రాత్రికి ఒక క్వార్టరు, తెల్లారి మళ్ళీ పని.

మోతకు వచ్చాక ఆయనకు బయ్యన్న జోడీ అయ్యాడు.

జోడీ అంటే ఏమిటో చెప్పాలి. పెద్ద బండను ఒక్కడు ఎత్తలేడు. దాన్ని అంచు మీద నిలబెట్టి, ఆ కొస ఒకడు, ఈ కొస ఒకడు పట్టి నడుస్తారు. ఇద్దరూ ఒక ఎత్తు ఉండాలి, ఒక అడుగు వెయ్యాలి. మేస్త్రీ ఓబుళేసు కొత్తవాళ్ళను వీపుకు వీపు ఆనించి నిలబెట్టి కొలిచి జోడీ కడతాడు. ఒకసారి జోడీ కుదిరితే ఏళ్ళకేళ్ళు అదే. లారీలోకి ఎక్కించడానికి వాలు పలక మీద నడవాలి. ముందు వెనక్కి నడుస్తూ పోయేవాడు పైకొస, వెనక వచ్చేవాడు కింది కొస. బరువంతా కింది కొస మీదికే దిగుతుంది. పైకొస వాడి పట్టు జారితే బండ కిందివాడి మీదికి వస్తుంది. అందుకని లేపేముందు కిందివాడు "ఉండావా?" అని అడుగుతాడు. పైవాడు "ఉండా" అనాలి. ఆ మాట వినపడకుండా ఏ జోడీ బండ లేపదు. ఒకరి చేతులు ఒకరు చూసుకోరు. బండ అడ్డం ఉంటుంది, కనపడవు. మాట మీదే నడక.

బయ్యన్న, కుళ్ళాయప్ప బంధువులు కారు. కానీ బావా అంటే బావా అనుకునేవాళ్ళు. పని చేస్తున్నంతసేపు తిట్టుకునేవాళ్ళు.

"ఏం బావా, అక్క రాత్రి అన్నం పెట్టలేదా? అడుగు పడ్తాలేదు."

"నీ మొగం సూసి అన్నం సయించలేదు లే. నడువు."

ఈ మధ్య, ఒక ఆరు నెలలుగా, కుళ్ళాయప్ప ఎప్పుడూ కింది కొసే పట్టేవాడు. వంతులు ఉండాలి నిజానికి. బయ్యన్న వంతు వచ్చినా ఆయన ముందే పోయి కింది కొస దగ్గర నిలబడేవాడు. అదే రోజుల్లో ఒక కొక్కెం కూడా తయారు చేసుకున్నాడు. లారీ ట్యూబు కోసి మణికట్టుకు పట్టీ, దానికి వెల్డింగ్ షాపులో వంచి తెచ్చిన ఇనుప కొక్కెం. ఆ కొక్కేన్ని బండ అడుగు అంచుకు తగిలిస్తే వేళ్ళతో పట్టక్కర్లేదు. బరువు మణికట్టు మీద వేలాడుతుంది.

"చేతులు కాయలు కాస్తాండాయప్పా, దానికి" అన్నాడు అడిగితే.

ఫ్యాక్టరీలో అందరికీ అది నచ్చింది. నెల తిరక్కుండా ఇంకో ముగ్గురు చేయించుకున్నారు. నాగేశ్వర అనే కుర్ర జోడీగాడు దానికి ఎర్ర రంగు కూడా వేసుకున్నాడు. కుళ్ళాయి కొక్కెం అని పేరు పెట్టారు. మేస్త్రీ ఓబుళేసు వీపు తట్టాడు. "చదువుకోని ఉంటే ఇంజనీరు అయ్యేటోనివి పో" అన్నాడు. కుళ్ళాయప్ప నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే పళ్ళు కనపడలేదు.

అసలు సంగతి ఓబమ్మ వదిన చెప్పింది. ఆమె శెనక్కాయ మిల్లులో విత్తనాలు ఏరే పనికి పోతుంది. ఒక సాయంత్రం మిల్లు దగ్గర నా బండి ఆపింది.

"శశీ, మీ అన్నను యాడన్నా పెద్ద డాక్టరుకు సూపించు నాయనా. నిన్న సంగటి గిన్నె పొయ్యి మీది నుంచి వట్టి చేత్తో దించినాడు. వాసన వస్తే నేను సూసినా. వేళ్ళు బొబ్బలెక్కినాయి. ఆయప్పకు తెల్దు."

"తెలియకుండా ఎట్లుంటుంది వదినా?"

"అదే నేనూ అడిగినా. గమ్మునుండు అన్యాడు."

అమావాస్య నాడు ఫ్యాక్టరీలకు సెలవు. మిషన్లకు నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టి మూసేస్తారు. ఆ రోజు ఆయన్ను బండిలో కూర్చోబెట్టుకుని అనంతపురం పోయాను. తాడిపత్రి దాటేదాకా తిట్టాడు, తర్వాత నిద్రపోయాడు.

డాక్టరమ్మ చిన్న వయసే. ఎడమది బాగుందని ఆయన అంటే, కుడిచెయ్యి బల్ల మీద పెట్టించి కళ్ళు మూసుకోమంది. గుండుసూది మొనతో ఒక్కో వేలూ తాకింది. చిటికెన వేలు దగ్గర "ఆఁ" అన్నాడు. మిగతా వేళ్ళకు ఏమీ అనలేదు. ఆమె ఆయన బొటనవేలి కింద కండ నొక్కి చూసింది. అక్కడ కండ కరిగిపోయి గుంట పడి ఉంది. నేను అన్నేళ్ళలో దాన్ని చూడనే లేదు.

"ఏం పని చేస్తారు?"

చెప్పాడు. మిషను గురించి, మోత గురించి. కొక్కెం గురించి కూడా చెప్పాడు, కాస్త గర్వంగానే.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "వేళ్ళకు పోయే నరం మణికట్టు దగ్గర నలిగిపోయింది. మిషను అదురుతో మొదలైంది. మీరు దాని మీదికే బరువు తగిలించారు. నొప్పి ఉన్నప్పుడే రావలసింది."

"నొప్పి పోయిందిలే అమ్మా ఇప్పుడు. ముందు రాత్రంతా మంటలు పుట్టేటివి. ఇప్పుడు ఏం లేదు."

"అదే ఇంకా చెడ్డ సంగతి."

ఆపరేషను చేస్తే కొంత తిరిగి వస్తుందని, ఎంత వస్తుందో చెప్పలేనని అంది. మోత మానాలి, మిషను ముట్టకూడదు అంది. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను అడిగాను. "రేపు బయ్యన్నకు ఎట్ల చెప్తావు?"

"ఏంటికి చెప్పల్ల?"

నాకు ఒళ్ళు మండింది. బండి పక్కకు తీసి ఆపాను. "నీ చేతికి బండ ఉండాదో లేదో నీకే తెల్దు. అవతలి కొస ఆయప్ప ఉండాడు. ఏంటికి చెప్పల్ల అంటావేందన్నా?"

"అందుకే కదప్పా కింది కొస పడ్తాండేది. జారితే నా కాళ్ళ మీదే పడ్తాది. ఆయప్పకు ఏం కాదు."

ఆరు నెలలుగా ఆయన ఆలోచించింది అది. చేతుల గురించి కాదు, పడితే ఎవరి మీద పడాలన్న దాని గురించి.

"నేను మానుకుంటే బయ్యన్న ఎత్తుకు సరిపోయేటోడు ఫ్యాక్టరీలో ఇంగెవడూ లేడు. జోడీ లేనోన్ని మేస్త్రీ యాడ పెడ్తాడు? పాలిష్ మిషను కాడ పెడ్తాడు. ఆయప్ప చేతులు గూడా ఇట్లనే కావల్లనా?"

"మరి ఎన్ని దినాలు?"

"సూద్దాం."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

"చెప్పు పో. నీ బండికి ఇంగ లోడు ఎక్కియ్యను."

అది బెదిరింపు కాదు, అలిగిన మాట. నేను వారం ఆగుతానన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ కొట్టాడు.

వారం కూడా గడవలేదు.

ఆ రోజు మెట్ల బండల లోడు. మామూలు బండల కంటే పొడుగు, మందం కూడా. ఎండ పడితే మోయలేరని పొద్దున్నే మొదలుపెట్టారు. నేను పలక వేసి, బండిలో వరిగడ్డి పరిచి, బండి తొట్టి పక్కన నిలబడ్డాను. రెండు బండలు ఎక్కాయి. రెండోది దించి వచ్చేటప్పుడు కుళ్ళాయప్ప నడుం పట్టుకుని ఒక్క క్షణం వంగి ఆగాడు. బయ్యన్న చూశాడు.

"బావా, మూడోదానికి నువ్వు పైకి పో. నేను కింద పడ్తా."

"వద్దు లే. నాకు అలవాటైంది."

"అలవాటేంది? ఆర్నెల్లాయ నువ్వే మోస్తాండావు. నడుం సూడు, ముసలి ఎద్దు మాదిరి వంగిపాయ. నేనేమన్నా కొత్త పెండ్లికొడుకునా, పక్కన నిలబడేదానికి?"

"నాకు పైకొస సరిపోదు బయ్యన్నా. ఎనక్కి నడిసేది నాకు రాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇన్నేళ్ళు మోసినవాడికి వెనక్కి నడవడం రాదంట. ఎర్ర కొక్కెం నాగేశ్వర అందుకున్నాడు. "బయ్యన్న మామను కిందికి పంపితే నీ కూలిలో సగం అడుగుతాడని భయమేమో!"

"రేయ్, నోర్ముయ్" అన్నాడు కుళ్ళాయప్ప. ఆయన అట్లా కసరడం నేను ఎప్పుడూ వినలేదు.

మేస్త్రీ ఓబుళేసు అవతలి నుంచి అరిచాడు. "ఏందప్పా పంచాయతీ? ఎండ ఎక్కుతాండాది. లేపుండి!"

బయ్యన్న ఇక అడగలేదు. నేరుగా పోయి కింది కొస దగ్గర కాళ్ళు ఎడం చేసి వంగాడు. ప్రేమతోనే చేశాడు. కుళ్ళాయప్ప పైకొస దగ్గరికి పోవలసి వచ్చింది. పైకొస దగ్గర ఆయన కొక్కెం పనికిరాదు. వాలు మీద బండ కిందివాడి వైపు ఒరుగుతుంది. కొక్కెం అంచు నుంచి జారిపోతుంది. వేళ్ళతోనే బిగించి పట్టాలి.

ఆయన వంగాడు. చేతులు బండ కిందికి పోయాయి. నేను తొట్టి పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనపడుతున్నాయి. ఆయన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు, వంగాయో లేదో కంటితో చూసుకోవాలి కదా. చూపుడు వేలు వంగింది. బొటనవేలు రాలేదు. ఇంకో చేత్తో దాన్ని తోశాడు.

"ఉండావా?" అన్నాడు బయ్యన్న.

జవాబు లేదు.

"బావా, ఉండావా?"

నేను చెప్పేద్దామని ఒక అడుగు వేశాను. అంతలో కుళ్ళాయప్ప చేతులు తీసేశాడు. నిటారుగా నిలబడ్డాడు.

"లేను."

"ఏంది లేను?"

"చెయ్యి లేదు బయ్యన్నా. వేళ్ళకు ఏం తెల్దు. చానా దినాలాయ."

బయ్యన్న మొదట నవ్వాడు. ఇది కూడా ఏదో ఎకసెక్కం అనుకున్నాడు. తర్వాత బండను మెల్లగా స్టాండుకు ఆనించి, చుట్టూ తిరిగి వచ్చి, ఆయన కుడిచెయ్యి లాక్కుని చూపుడు వేలును గోళ్ళతో గట్టిగా గిచ్చాడు. గిచ్చుతూ ఆయన మొహం చూశాడు. మొహంలో ఏమీ మారలేదు. ఇంకా గట్టిగా గిచ్చాడు. తోలు లేచి రక్తం వచ్చింది.

"తెలుస్తాలేదా?"

"లేదు."

"కింది కొస దీనికేనా పడ్తాండేది?"

కుళ్ళాయప్ప తల దించుకున్నాడు.

బయ్యన్న చెంప మీద కొట్టాడు. చిన్న దెబ్బ కాదు. మేస్త్రీ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"నీ కాళ్ళ మీద పడితే పడనీ అనుకున్యావు! అక్కకు నేనేం చెప్పల్ల? పక్కనే ఉన్న్యా, మాట్లాడ్తానే ఉన్న్యా, నాకు తెల్దు అని చెప్పల్లనా?" బయ్యన్న అరిచాడు. "నన్ను ఏమనుకున్యావురా నువ్వు?"

'బావా' అనే పిలుపు పోయి 'రా' వచ్చింది. బయ్యన్న తువ్వాలు దులుపుకుని గేటు బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు లోడు సగంలో ఆగింది.

తర్వాత జరిగినవి గొప్పగా చెప్పుకునేవి కావు. కొక్కేలు వాడుతున్న ముగ్గురిలో ఇద్దరు విప్పేశారు. నాగేశ్వర విప్పలేదు, నాకు నొప్పేం లేదు కదా అంటాడు. వాడికి రాత్రిళ్ళు వేళ్ళు మంట పుడతాయా అని అడిగితే పక్కకు చూశాడు. ఓనరు మంచివాడనీ చెప్పను, చెడ్డవాడనీ చెప్పను. కుళ్ళాయప్పను పని నుంచి తియ్యలేదు, ఆరిన బండలకు మార్కింగు గీసే దగ్గర కూర్చోబెట్టాడు. సుద్ద పట్టుకోవడం కూడా ఆయనకు కష్టమే. పెద్ద బండలకు చక్రాల బండి ఒకటి తెప్పించాడు. చేతుల మీద జాలితో కాదు, జోడీలు తక్కువై లోడులు ఆలస్యమవుతున్నాయని. బుద్ధి ఎటునుంచి వస్తేనేం, బండి వచ్చింది. కానీ అది పలక దాకానే పోతుంది. పలక మీద ఇంకా మనుషులే.

బయ్యన్నకు జోడీ దొరకలేదు. కుళ్ళాయప్ప భయపడినట్టే మేస్త్రీ పాలిష్ మిషను చూపించాడు. బయ్యన్న పోనన్నాడు. "మా బావ చేతులు సూసినాక నేను దాన్ని ముట్టను. తీసేస్తే తీసెయ్" అన్నాడట. తియ్యలేదు. ఆ చక్రాల బండి తోసే పని ఇచ్చారు. వచ్చే దుడ్లు కొంచెం తగ్గాయి. ఆయన ఎందుకు దాచాడో నేను చెప్పినా కుళ్ళాయప్పతో మాట్లాడలేదు. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రేకుల కింద, ఒకరు సుద్ద గీస్తూ, ఒకరు బండి తోస్తూ. మధ్యాహ్నం వేరువేరుగా కూర్చుని తినేవాళ్ళు. ఓబమ్మ వదిన రెండు క్యారియర్లు పంపేది, ఎప్పటిలాగే. బయ్యన్న క్యారియరు ఖాళీ చేసి కడిగి పంపేవాడు. మాట మాత్రం లేదు.

కుడిచేతికి ఆపరేషను సర్కారు ఆస్పత్రిలో కుదిరింది. తోడు ఒక మనిషి ఉండాలన్నారు. ఓబమ్మకు మిల్లు సీజను. నేను వస్తానన్నాను. తెల్లవారుజామున వాళ్ళ ఇంటి ముందు బండి ఆపితే, అరుగు మీద బయ్యన్న కూర్చుని ఉన్నాడు. పక్కన సంచీలో దుప్పటి, చెంబు.

"నువ్వు బండి తోలు. ఆస్పత్రిలో నేనుంటా" అన్నాడు నాతో.

కుళ్ళాయప్ప బయటికి వచ్చి చూశాడు, ఎక్కి మధ్యలో కూర్చున్నాడు. సగం దారి దాటాక ఆయనే మాట మొదలుపెట్టాడు.

"చక్రాల బండి ఎట్లుండాది?"

"బాగుండాది. నీ మాదిరి అబద్ధాలు చెప్పదు. చక్రం అరిగితే కీచుమంటాది."

కుళ్ళాయప్పకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. "నీకు పాలిష్ మిషను ఇస్తారనే చెప్పలేదు బయ్యన్నా."

"తెల్సు. శశి చెప్పినాడు."

"మరి కోపమేంటికి?"

బయ్యన్న సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. "నాకు ఏం గావల్లనో నువ్వే అనుకుంటివి. నన్ను అడగలే. రేపు ఇంగో చెయ్యి ఉండాది కదా, దానికి మంట పుట్టినా, తిమ్మిరెక్కినా, డాక్టరు కంటే ముందు నాకు చెప్పల్ల. అర్ధరాత్రయినా సరే."

"ఎడమచేతికి ఇప్పటికే ఉండాది."

"ఎప్పుడి నుంచి?"

"దీపావళి నుంచి."

"థూ నీ..." అని బయ్యన్న తిట్టు మొదలుపెట్టాడు. అది అనంతపురం వచ్చేదాకా అయిపోలేదు. కుళ్ళాయప్ప కాదనకుండా విన్నాడు.

ఆస్పత్రిలో చీటీ రాసే నర్సు ఏ చేతికి అని అడిగింది. కుళ్ళాయప్ప నోరు తెరిచేలోపే బయ్యన్న అడ్డం వచ్చాడు.

"ఈరోజుకు కుడిది రాయమ్మా. ఎడమదానికి గూడా ఇప్పుడే తేదీ వెయ్. ఈయప్పను నమ్మేదానికి లేదు."